పాత డేగ యాడికి పోయినాడు? హీరోను మార్చిన ఒక కామిక్ కేస్ స్టడీ

పత్రిక పేరు, అది వెలువడే ఊరు, బొమ్మలు వేసిన పెద్దాయన పేరు, హీరో అసలు పేరు ఇక్కడ చెప్పను. కథలోని కొన్ని గుర్తులు కూడా మార్చాను. హీరోను 'డేగ' అంటాను. సర్క్యులేషన్ అంకెలు చెబితే ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు పత్రిక ఏదో ఇట్టే పట్టేస్తారు కాబట్టి అవీ వదిలేశాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను, నా తప్పుతో సహా.

నేపథ్యం

తిరుపతిలో ఉండి పిల్లల పత్రికలకు కామిక్ స్క్రిప్టులు సరిదిద్దడం నా పని. ఆ మాసపత్రిక వాళ్ళు నా దగ్గరికి వచ్చేనాటికి డేగ మొదలై ఇరవై ఏళ్ళు దాటింది. నెలకు ఆరు పేజీలు. పగలు లారీ షెడ్డులో మెకానిక్, రాత్రయితే ముసుగు కట్టుకుని శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగల వెంట పడేవాడు. చీకట్లో చూడగలడు, చెట్టు మీంచి చెట్టుకు దూకగలడు. అంతకుమించి శక్తులేమీ లేవు. ఇన్నేళ్ళలో ఒక్క బొమ్మ గడిలో, అంటే ప్యానెల్‌లో కూడా ముఖం చూపించలేదు. షెడ్డులో ఉంటే తల లారీ కింద ఉంటుంది, లేదంటే వీపు మనవైపు ఉంటుంది.

మార్చాల్సి రావడానికి మొదటి కారణం పెద్దాయన చెయ్యి. వణుకు మొదలైంది. నెలకు ఆరు పేజీలు ఇక కుదరవని ఆయనే చెప్పారు. రెండోది, పత్రిక బాధ్యత కొత్తగా తీసుకున్న పబ్లిషర్ కొడుకు ఆలోచన. "మాకు ఉత్తరాలు రాసేది ఎక్కువగా ఆడపిల్లలే సార్. ఆరు పేజీల్లో మాట్లాడే ఆడపిల్ల ఒక్కతీ లేదు" అన్నాడు. ఎట్లాగూ గీసే చెయ్యి మారుతోంది, ముసుగు వెనక మనిషిని కూడా మారుద్దాం, ఈసారి పదిహేనేళ్ళ అమ్మాయి డేగ కావాలి అన్నది అతని ప్రతిపాదన. నాకు నచ్చింది. ఇప్పటికీ ఆ ఆలోచనలో తప్పేమీ కనిపించదు.

కథ జోలికి వెళ్ళేముందు కాగితాలు చూపించమన్నాను. కాగితాలే లేవు. పెద్దాయన ఉద్యోగి కాదు, పేజీకి ఇంత అని తీసుకునేవారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అలాంటప్పుడు మొదటి హక్కుదారు ఆ బొమ్మలు వేసినాయనే. హక్కు రాసివ్వాలంటే కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. అంతకంటే ముఖ్యం సెక్షన్ 57: హక్కులు అమ్ముకున్నాక కూడా తన పేరు ఉండాలని అడిగే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా పనిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకే, అంటే ఇక్కడ బొమ్మలు వేసినాయనకే, ఉంటాయి. పబ్లిషర్ కొడుకు ముఖం పాలిపోయింది. "మేమందరం ఒకే ఇంటివాళ్ళలాంటివాళ్ళం సార్" అన్నాడు. అందుకే రాసుకోవాలి అన్నాను. రెండు వారాల్లో ఒప్పందం అయింది. పెద్దాయన అడిగింది రెండే. ప్రతి నెలా తన పేరు వేయాలి, డేగ ముఖం ఎప్పటికీ చూపించకూడదు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

అప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది 2014 నాటి థోర్, మంత్రసుత్తి పట్టుకుని తిరిగే అమెరికన్ కామిక్ హీరో. ఆ కామిక్ వేసే మార్వెల్ వాళ్ళు ఆ ఏడాది సుత్తిని ఒక స్త్రీ చేతికిచ్చి, మళ్ళీ ఒకటో సంచిక నుంచి మొదలుపెట్టారు. ఆమె ఎవరో చెప్పకుండా ఎనిమిదో సంచిక దాకా లాగి, 2015లో జేన్ ఫోస్టర్ అని బయటపెట్టారు. జేసన్ ఆరన్ కథ, రసెల్ డాటర్‌మన్ బొమ్మలు. పాఠకులు తిట్టుకుంటూ కూడా కొన్నారు, ఎవరీమె అని పందేలు వేసుకున్నారు.

నేను ఆ నమూనానే పట్టుకొచ్చాను. సంచిక సంఖ్య మళ్ళీ ఒకటి నుంచి. కవర్ మీద ముసుగు వెనక నుంచి వేలాడే జడ. లోపల కొత్త డేగ ఎవరో చెప్పం. పాత డేగ గురించి ఒక్క మాట కూడా ఉండదు. 'సస్పెన్స్ రెండింతలు' అని నా నోట్సులో రాసుకున్నాను. ఆ కాగితం ఇంకా ఉంది, అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను.

మొదటి నెల ఏజెంట్లు మామూలుకంటే ఎక్కువ కట్టలు అడిగారు. అందరం సంతోషపడ్డాం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో కామిక్ షాపులవాళ్ళు తెప్పించుకున్నవి చాలావరకు తిరిగివ్వడానికి ఉండదు. అక్కడ ఒకటో సంచిక అమ్మకం అంటే షాపువాడి ఆశ ఎంతో తెలుస్తుంది, పాఠకుడి ఇష్టం కాదు. మనకు అమ్ముడుపోనివి రిటర్న్స్‌గా వెనక్కి వస్తాయి, అదీ రెండు నెలలు ఆలస్యంగా. అంటే దెబ్బ తగిలిన రెండు నెలలకు నొప్పి తెలుస్తుంది. ఆ లోపు రెండో సంచిక, మూడో సంచిక కూడా అచ్చయిపోయాయి.

సమస్య ఎట్లా కనిపించింది

ముందు చిత్తూరు ఏజెంటు ఫోన్ చేశాడు. పాతికేళ్ళుగా పత్రికలు వేస్తున్న మనిషి. "సామీ, పిల్లోళ్ళు బంకు కాడికొచ్చి పుస్తకం తిప్పి చూసి పెట్టేసి పోతాండారు. పాతాయన యాడికి పోయినాడంటే నేనేం చెప్పేది?"

ఆడపిల్లను హీరోను చేస్తే ఇష్టపడటం లేదేమో అన్నది పబ్లిషర్ కొడుకు భయం. అదే నిజమైతే మందు వేరే. అందుకని ఊహించుకుంటూ కూర్చోకుండా చిత్తూరు-పుత్తూరు రోడ్డులోని ఒక ఊరి హైస్కూలుకు వెళ్ళాం. హెడ్మాస్టరు అనుమతితో ఏడో తరగతి పిల్లలకు కొత్త సంచికలు ఇచ్చి, ఏమీ అడగకుండా వెనక బెంచీలో కూర్చున్నాను.

ఒక కుర్రాడు కవర్ ముందు పెట్టుకుని జడ మీద బొటనవేలు అడ్డం పెట్టాడు. కాసేపు చూశాడు. వేలు తీశాడు, మళ్ళీ పెట్టాడు. పక్కవాడికి చూపించి, "ఇప్పుడు చూడు, ఆయనే" అన్నాడు. వెనక నుంచి ఒక అమ్మాయి వంగి చూసి, "అయితే ఆయన్నేం చేసిందిరా ఈ పిల్ల? చంపేసిందా?" అంది.

ఆ ఒక్క మాటతో నా లెక్క తలకిందులైంది. ఆ అమ్మాయికి కూడా కొత్త డేగ మీద అనుమానమే, ముసుగు దొంగిలించిందేమో అని. మేం చెప్పని చోట పిల్లలు తమకు తోచింది నింపుకున్నారు. ఎవరూ ఇవ్వకుండా ఒకరి వస్తువు ఇంకొకరి ఒంటి మీద కనిపిస్తే ఏమనుకుంటారో అదే అనుకున్నారు.

ఇంటికొచ్చి థోర్ సంచికలు మళ్ళీ తిరగేశాను. మొదటిసారి చదివినప్పుడు నా కంటికి ఆనని విషయం అప్పుడు కనిపించింది. ఆమె ఎవరన్నది దాచారు గానీ, ఆయన ఏమయ్యాడన్నది ఒక్క నెల కూడా దాచలేదు. పాత థోర్ సుత్తి ఎత్తే అర్హత పోగొట్టుకుని, అదే పుస్తకంలో తిరుగుతూ, ఈమె ఎవరా అని పాఠకుడితో పాటు వెతుకుతుంటాడు. పైగా అర్హులైనవాళ్ళకే ఆ శక్తి దక్కుతుందని సుత్తి మీద 1962 నుంచీ రాసి ఉంది. కొత్తమ్మాయి చేతికి సుత్తి రావడం పాత నియమం ప్రకారమే జరిగింది. నేను వాళ్ళ రహస్యాన్ని మాత్రం కాపీ కొట్టాను, దాని కింద ఉన్న పునాదిని వదిలేశాను.

రెండో ప్రయత్నం: ఫ్లాష్‌బ్యాక్

తెలిశాక వెంటనే సరిగ్గా చేశామా అంటే లేదు. రిటర్న్స్ కట్టలు గోడౌన్‌లో పేరుకుపోతుంటే ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. నాలుగో సంచికలో రెండు పేజీల ఫ్లాష్‌బ్యాక్ పెట్టాం: పాత డేగ సాహసం ఒకటి, కొత్త ఆర్టిస్టు వేసింది. అయిదులోనూ అంతే. పాఠకులకు ఆయన కనిపిస్తూ ఉంటే శాంతిస్తారని లెక్క.

ఉత్తరాలు పెరిగాయి. అన్నింటిలోనూ ఒకటే ప్రశ్న: ఎప్పుడొస్తాడు? కొత్త అమ్మాయి రేపోమాపో ఇల్లు ఖాళీ చేసే అద్దెమనిషిలా తయారైంది. ఆమె నాలుగు పేజీలు దాటేసి పిల్లలు వెనక రెండు పేజీలకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఆరో సంచికకు ఫ్లాష్‌బ్యాక్ ఆపేశాం.

అప్పుడు వచ్చింది చంపేద్దామన్న సలహా. పబ్లిషర్ కొడుకుది. వీరమరణం, కలర్ పేజీ, కొండ అంచున చివరి మాట. చాలాసేపు వాదించుకున్నాం. నా అభ్యంతరాలు ఇవి. కామిక్ చావును పిల్లలు నమ్మరు. 1992లో సూపర్‌మ్యాన్‌ను చంపి, ఆయన స్థానంలో నలుగురిని దింపి, 1993లోనే అసలాయన్ను తిరిగి తెచ్చారు. అప్పటి నుంచి ఎవరు చచ్చినా 'ఎప్పుడొస్తాడు' అన్నదే ప్రశ్న. చంపకుండా చెడగొట్టినా లాభం లేదు. 1994లో ఉంగరమే ఆయుధంగా ఉన్న హీరో కథ గ్రీన్ లాంటర్న్‌లో హాల్ జోర్డన్‌ను పిచ్చివాణ్ణి, హంతకుణ్ణి చేసి ఉంగరం కైల్ రేనర్ అనే కుర్రాడికిచ్చారు. కైల్ మంచి పాత్రే. కానీ పాత అభిమానులు సంఘం కట్టి మరీ పోట్లాడారు, పదేళ్ళకు 2004లో హాల్‌ను తిరిగి తీసుకురాక తప్పలేదు. ఇక ఆఖరిది, పెద్దాయన బతికి ఉన్నారు. ఇరవై ఏళ్ళు గీసిన మనిషి చేతిలో పత్రిక పెట్టి నీ హీరోను చంపేశాం అని చూపించడానికి నాకు మనసొప్పలేదు. చట్టం కంటే ముందు అది.

జాతరలో

ఇంతలో మే నెల వచ్చింది. తాతయ్యగుంట గంగమ్మ జాతర. తిరుపతిలో పుట్టినవాళ్ళకు వివరించక్కర్లేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకొకటి. దాక్కున్న పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు వేషం మీద వేషం మార్చిందని కథ. దొర వేషం చూసి వాడు బయటికొచ్చాడని, అమ్మవారు తల నరికిందని చెబుతారు.

ఏటా చూసేదే. ఆ ఏడు చూపు వేరుగా ఉంది. వేషం కట్టింది కైకాల కులస్థుల్లో ఫలానా ఆయన అని వీధి వీధికీ తెలుసు. అయినా గుమ్మం ముందుకు రాగానే హారతి పట్టి, కాళ్ళ మీద నీళ్ళు పోసి, పసిబిడ్డలను ముందు పెడతారు. కింద ఉన్నది ఎవరో తెలిస్తే మహిమ తగ్గుతుందన్న భయం ఎవరికీ లేదు. ఒంటికి బొగ్గు పూసుకుని వేపాకు పట్టుకున్న పిల్లలు తోటి వేషంలో పక్క నుంచి పరుగెత్తుతున్నారు. నిన్న బండ వేషానికి పూసుకున్న కుంకుమ ఇంకా చెవుల వెనక ఉంది. కడుక్కోవడమూ అందరి ముందే, పూసుకోవడమూ అందరి ముందే. అయితే అమ్మవారి వేషం ఎవరు పడితే వాళ్ళు కట్టరు. దానికి ఒక హక్కు ఉంది, ఒక వరస ఉంది.

మా అమ్మాయి డేగకు లేనివి ఆ రెండే. ముసుగు విప్పడం ఎవరూ చూడలేదు. కట్టుకునే వరస ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

పనిచేసింది

ముందు వరస వెతికాం. నేనూ కొత్త ఆర్టిస్టూ పాత సంచికలన్నీ నేల మీద పరిచి నాలుగు రోజులు కూర్చున్నాం. ఆ దుమ్ముకు నాకు జలుబు పట్టింది. మూడో రోజు ఆ అబ్బాయి ఒక ప్యానెల్ మీద వేలు పెట్టాడు. లారీ షెడ్డు, కింద నుంచి బయటికొచ్చిన రెండు కాళ్ళు, పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్ల. పేరు లేదు, మాట లేదు. ఇంకా వెతికితే అదే పిల్ల వేర్వేరు సంచికల్లో ఏడు చోట్ల దొరికింది. ఒక చోట ఎవరో వస్తున్నారని షెడ్డు తలుపు మూస్తోంది. అంటే ఆ పిల్లకు తెలుసు.

పెద్దాయనకు ఫోన్ చేసి ఎవరీ పిల్ల అని అడిగాను. "ఆ షెడ్డుకు ఎదురుగా టీ బంకు ఉండేది నాయనా. ఆ బంకామె కూతురు. ఊరికే వేసినా" అన్నారు.

ఇది ఎందుకు పనికొస్తుందని అనుకున్నానో చెబుతాను. 1985లో మెరుపు వేగంతో పరుగెత్తే అమెరికన్ కామిక్ హీరో ఫ్లాష్‌ను, అంటే బ్యారీ అలెన్‌ను, చంపినప్పుడు ఆ ఎర్ర దుస్తులు వేసుకున్నది వాలీ వెస్ట్. వాలీ అంతకు పాతికేళ్ళ ముందు, 1959 చివర్లో, ఫ్లాష్ వెంట తిరిగే కుర్రాడు కిడ్ ఫ్లాష్‌గా వచ్చినవాడు. పాఠకుల కళ్ళ ముందు పెరిగినవాడు. బ్యారీ తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది, అంతకాలం వాలీయే ఫ్లాష్. చావు విషయంలో నేను చెప్పినదానికి ఇది మినహాయింపే. చావు కాదు, వాలీ వరస నిలబెట్టిందని నా అభిప్రాయం. మాకు అంత గట్టి పాత్ర లేదు, ఏడు ప్యానెళ్ళ టీ పిల్ల ఉంది. కొత్త డేగ ఎవరో ఆరు సంచికలుగా మేం చెప్పకపోవడం కూడా ఇక్కడ కలిసొచ్చింది. ఇప్పుడు ఎవరని చెప్పినా పాతదానితో పేచీ రాదు. నా తెలివితక్కువ సస్పెన్స్ వల్ల జరిగిన ఒకే ఒక మేలు అది.

మూడు సంచికల అప్పగింత రాశాం. ఒకటి నుంచి మొదలెట్టిన లెక్క తీసేసి పాత సంఖ్యనే కొనసాగించాం. పబ్లిషర్ కొడుకు ఒప్పుకోవడానికి మొండికేశాడు, తప్పు చేశామని అచ్చేసుకున్నట్టే కదా అని. అవును, అచ్చేసుకుందాం అన్నాను. మొదటి భాగంలో పాత డేగ ఒక రాత్రి దూకబోయి కొమ్మ అందక పడిపోతాడు. కళ్ళు మసకబారుతున్నాయని అప్పటికి కొన్నాళ్ళుగా తెలుసు, ఎవరికీ చెప్పలేదు. రెండో భాగంలో టీ పిల్ల, ఇప్పుడు పదిహేనేళ్ళది, ఆయన బదులు వెళ్ళి ఘోరంగా విఫలమవుతుంది. దొంగలు తప్పించుకుంటారు. ఆ వైఫల్యం కావాలని పెట్టాను. మొదటిసారే గెలిస్తే ఆయన ఇరవై ఏళ్ళ శ్రమ తేలికైపోతుంది. అప్పుడు ఆమె మీద కోపం ఇంకా పెరుగుతుంది.

మూడో భాగం చివరి పేజీ పెద్దాయనే వేయాలని అడిగాం. ముందు ఒప్పుకోలేదు. ఒక్క పేజీ, ఎన్ని రోజులైనా సరే అన్నాం. పద్దెనిమిది రోజులు తీసుకున్నారు.

పేజీ అంతా ఒకటే బొమ్మ. షెడ్డులో లైటు కింద స్టూలు మీద అమ్మాయి, మనవైపు ముఖం పెట్టి కూర్చుంది. ఆమె వెనక నిలబడి ఎవరో ముసుగు ముడి వేస్తున్నారు. ఆయన మెడ దాకా ఉంది, పైన పేజీ అంచు. కనిపించేవి చేతులే. గోళ్ళలో గ్రీజు, ఎడమ బొటనవేలి మీద పాత సంచికల్లో పదేపదే కనిపించే కోత మచ్చ. గోడకు కొట్టిన మేకు ఖాళీగా ఉంది. ఇరవై ఏళ్ళు ముసుగు వేలాడింది ఆ మేకుకే. మాటలు రాసే బెలూన్ లేదు, ఒక్క మాట లేదు.

గీతలన్నీ వణికాయి. ఇంకింగ్ చేసే, అంటే పెన్సిల్ గీతల మీద సిరా దిద్దే, కుర్రాడు మర్యాదగానే అడిగాడు, శుభ్రం చేయనా సార్ అని. ఒక్క గీత కూడా ముట్టుకోవద్దన్నాను. ముడి వేస్తున్న ఆ చేతులు నిజంగానే వణుకుతున్నాయి, కథలోనూ బయటా. పిల్లలకు అది తెలియకపోవచ్చు. తెలిసినా నష్టం లేదు.

ఫలితం, కొన్ని గమనికలు

రెండు నెలల తర్వాత రిటర్న్స్ తగ్గాయి. పాత స్థాయికి రాలేదు. మొదటి ఆరు నెలల్లో పోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు, వాళ్ళ కోసం నా దగ్గర మందు లేదు. ఉత్తరాల్లో మాత్రం ప్రశ్న మారింది. 'ఎప్పుడొస్తాడు' బదులు 'ఆయన కళ్ళు ఎట్లా ఉన్నాయి' అని అడగడం మొదలుపెట్టారు. టీ పిల్ల ఉన్న ఏడు ప్యానెళ్ళ కోసం పాత సంచికలు వెతికే పిచ్చి కొన్ని బడుల్లో పాకింది. ఎనిమిదోది దొరికిందని మదనపల్లె నుంచి ఒక అమ్మాయి రాసింది. వెళ్ళి చూస్తే నిజమే, మాకే కనపడలేదు.

ఇలాంటి పని ఇప్పుడు వస్తే నేను ముందు అడిగేది కొత్తవాళ్ళ గురించి కాదు. పాతాయన చివరి రోజు ఏ పేజీలో ఉంది అని అడుగుతాను. లేదంటే కొత్త కవర్ వేయనివ్వను. రహస్యం పెట్టుకోవాలనుకుంటే 'ఎవరు వచ్చారు', 'వెళ్ళినాయన ఏమయ్యాడు' అన్న రెంటిలో ఒకటే దాచమంటాను. ఒకటో సంచిక ఆర్డర్లు చూసి ఎవరైనా స్వీట్లు పంచుతుంటే మూడో నెల దాకా ఆగమంటాను. ఆడపిల్ల కావడం వల్లే చదవలేదన్న మాట ఇంకోసారి వింటే, ఆ హైస్కూలు వెనక బెంచీలో కూర్చోబెడతాను.

తేలని విషయం ఒకటి ఉంది. పాత డేగ ఇప్పుడు షెడ్డులోనే ఉన్నాడు, అప్పుడప్పుడూ ఒక ప్యానెల్‌లో కాళ్ళు కనిపిస్తాయి. ఎంత తరచుగా చూపించాలన్నది ప్రతి నెలా గొడవే. నేను మూడు నెలలకోసారి అంటాను, పబ్లిషర్ కొడుకు ప్రతి నెలా అంటాడు. ఫ్లాష్‌బ్యాక్ రోజులు అతను మరిచిపోయాడు.

పేజీ అచ్చయ్యాక ఒక కాపీ తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురు కోసం వరండాలోకి తెచ్చి, చాలాసేపు చూశారు.

"ముడి కొంచెం కిందికి పడింది నాయనా" అన్నారు. "చెవి పైనుంచి రావాల. వచ్చే నెల ఆ అబ్బాయికి చెప్పు, సరిగ్గా కట్టమను."